లాకుల దగ్గర వరదయ్యకు ఆపరేషను

1897వ సంవత్సరం ఆశ్వయుజ మాసంలో నేను కడియం దగ్గర కాలువ గట్టున ఉన్న ఒక చిన్న ధర్మాసుపత్రిలో కాంపౌండరుని. కాంపౌండరంటే డాక్టరు గారు చీటీ మీద రాసిన మందు తూచి, కలిపి, సీసాలో పోసి ఇచ్చేవాడు. పుండ్లు కడగడం, కట్లు కట్టడం కూడా నా పనే. జబ్బు ఏమిటో తేల్చి చెప్పడం మాత్రం నా పని కాదు. ఆ వారం డాక్టరు గారు కలరా వచ్చిన ఊళ్ళు చూడటానికి గోదావరి మధ్యనున్న లంకల వైపు వెళ్ళారు. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆసుపత్రంతా నా చేతిలో ఉందని కాస్త గర్వంగా తిరుగుతున్నాను. సోమవారం మధ్యాహ్నానికి ఆ గర్వం దిగిపోయింది.

లాకు లస్కరు పుల్లయ్య తన భార్య మంగమ్మను తీసుకొచ్చాడు. కాలువలో నీటిమట్టం మారే చోట పడవను రెండు జతల తలుపుల మధ్య నిలిపి, నీళ్ళు నింపో వదిలో దాటిస్తారు. ఆ కట్టడాన్ని లాకులంటారు. ఆ తలుపులు తిప్పేవాడు లస్కరు. మంగమ్మ కుడిచేతికి చుట్టుకున్న కొంగు నెత్తురుతో తడిసి ఉంది.

"కుక్క కరిసిందండి," అన్నాడు పుల్లయ్య.

"ఎవరి కుక్క?"

"మా వరదయ్యేనండి."

వరదయ్యను ఎరగనివాళ్ళు ఆ కాలువ మీద లేరు. కిందటేడు గోదావరి పొంగినప్పుడు, కొట్టుకొస్తున్న పాక కప్పు మీద వణుకుతూ ఉన్న కుక్కపిల్లను పుల్లయ్య పీకల్లోతు నీళ్ళలో దిగి ఒడ్డుకు లాగాడు. వరదలో వచ్చాడు గనక వరదయ్య. పిల్లలు లేని ఆ ఇంట్లో వాడిదే రాజ్యం. పడవ మలుపు తిరక్కముందే మొరిగి పుల్లయ్యను లేపేవాడు. పడవ నడిపే సరంగులు కూడా వాడికో చేపముక్క విసరకుండా లాకు దాటేవారు కారు.

"రెండ్రోజులబట్టి ఏమీ తింటం లేదండి," అంది మంగమ్మ. "నోట్లోంచి ఒకటే సొంగ. ముద్ద పెడదామని ఆడి నోరు తెరిసేనండి. సటుక్కున కొరికేసేడు. ఎప్పుడూ అలా సెయ్యలేదండి ఆడు."

"నీళ్ళు తాగుతోందా?"

"గిన్నె కాడికెళ్తాడండి. నాలిక పెడతాడు, కుయ్యోమని యెనక్కొచ్చేత్తాడు."

ఆ వేసవిలోనే ఒక బండివాణ్ణి అదే ఆసుపత్రిలో చూశాను. పిచ్చికుక్క కరిచిన రెండు నెలలకు అతనికి హైడ్రోఫోబియా వచ్చింది. జలభయం అన్నమాట. నీళ్ళ చెంబు కనిపిస్తే చాలు గొంతు బిగుసుకుపోయేది. మూడో రోజుకు పోయాడు. ఆ మూడు రోజులూ నేను ప్రభువును వేడుకున్నది అతను బతకాలని కాదు, త్వరగా పోవాలని.

కార్బాలిక్ యాసిడ్ సీసా తీశాను. పుల్లకు దూది చుట్టి, అందులో ముంచి, పంటి గాట్లను ఒక్కొక్కటే కాల్చాను. లోపలికి దిగిన విషం చస్తుందని అప్పట్లో మాకున్న ఆశ అదొక్కటే. మంగమ్మ కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని చప్పుడు చెయ్యకుండా భరించింది. అంతా అయ్యాక, "సచ్చిపోతానా బాబూ?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు.

పుల్లయ్యను బయటికి పిలిచి, "దానికి పిచ్చెక్కింది. ముందు దాన్ని చంపించెయ్యి," అన్నాను. అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు.

వాళ్ళు వెళ్ళాక, ఆ పుండుకు రేపు ఏ కట్టు కట్టాలో చూద్దామని డాక్టరు గారి పుస్తకం తెరిచాను. కుక్క కాటు గురించి రాసిన పేజీ కనిపించింది. కరిచిన కుక్కను చంపకూడదు. విడిగా కట్టేసి చూడాలి. పది రోజుల తర్వాత కూడా అది ఆరోగ్యంగా ఉంటే కరిపించుకున్న మనిషికి భయం లేదు. చంపేస్తే ఇక ఆ మనిషి నెలల తరబడి తన గొంతు తనే తడుముకుంటూ బతకాలి. ఆసుపత్రి తలుపులు కూడా వెయ్యకుండా లాకుల దాకా పరుగెత్తాను.

అప్పటికే పదిమంది కర్రలతో చేరారు. వరదయ్యను పడవలు కట్టే గుంజకు కట్టేసి ఉంచారు. వాడి ముందు పుల్లయ్య, లాకు తలుపులు తిప్పే ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"నీళ్ళలోంచి లాగింది ఈ సేతులేనండి," అన్నాడు నన్ను చూసి. "మీరు సెప్పేరని వచ్చేనండి. నావల్ల అవతం లేదు. ఇంకోణ్ణి ముట్టుకోనివ్వలేనండి."

"ఆగండి! తప్పు నాదే," అని అరిచాను. "ఈ కుక్క చస్తే మంగమ్మ సంగతి ఎవరూ చెప్పలేరు." పుస్తకంలో ఉన్నది చెప్పాను. కర్రలు దిగాయి గానీ, ఎవరూ దగ్గరికి రాలేదు. నేనూ పది బారల దూరంలోనే ఉన్నాను.

వాడు ముందుకాలితో మాటిమాటికీ దవడ గీరుకుంటున్నాడు. అది చూస్తూ పుల్లయ్య మెల్లగా అన్నాడు: "తలుపుల కాడ వాలుగల కోసం గాలాలు కడతానండి. మొన్న ఒకటి తాడుతో సహా పోయింది. సేపే లాక్కుపోయిందనుకున్నా."

గాలమే మింగి ఉంటే పిచ్చి కాకపోవచ్చు. కానీ తిండీ నీళ్ళూ లేక పది రోజుల లోపే చస్తాడు, మాకేమీ తెలియకుండానే. ఎవరో ఒకరు ఆ నోట్లో చూడాలి. ఆ పని చెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు. రాజమండ్రిలో ఒక పశువుల డాక్టరు ఉన్నారని విని, వెళ్తున్న పడవలో ఉత్తరం పంపాను. మర్నాడు పొద్దున్నే జవాబొచ్చింది. గురువారం వస్తాననీ, క్లోరోఫారం ఇచ్చి మత్తులో ఉంచితేనే చెయ్యి పెడతాననీ రాశారు. ఆసుపత్రిలో ఉన్న క్లోరోఫారం మనుషులకే. కుక్కకు వాడితే నా ఉద్యోగం పోతుంది. సీసా కొనాలి, ఆయన ఫీజు ఇవ్వాలి, రానూపోనూ పడవ ఖర్చు పెట్టాలి. మంగమ్మ కాళ్ళ కడియాలు తీసి అమ్మినా సగానికే వచ్చింది.

లాకుల్లో నీళ్ళు నిండేదాకా పడవ కదలడానికి లేదు. మిగతా డబ్బు పడవల్లో వెళ్ళేవాళ్ళను ఆ కాసేపట్లోనే అడగాలి. పడవల నుంచి సుంకం చీటీలు అందుకునే బుట్ట ఒకటి వెదురు కొసన కట్టి ఉంటుంది. దాన్నే చాపాం. మొదట నేను, "మంగమ్మ ప్రాణం కోసం" అని అడిగాను. డబ్బులు పడ్డాయి. కానీ వేసినవాళ్ళు వేసి పడవ అవతలి అంచుకు జరిగిపోయారు. ఒకావిడ తన బిడ్డ మొహం మీద కొంగు కప్పేసింది. గట్టు మీద నిలబడ్డ మంగమ్మ అదంతా చూసింది.

"నా పేరు సెప్పకండి బాబూ," అంది. "సచ్చినదాన్ని సూసినట్టు సూత్తన్నారు. వరదయ్య కోసం అడగండి."

నిజమే కదా అనిపించింది, సిగ్గూ వేసింది. అప్పట్నుంచి పుల్లయ్యే, "వరదయ్యకి ఆపరేషనండీ!" అని కేకేశాడు. జనం నవ్వారు. నవ్వుతూనే దగ్గరికొచ్చారు.

"ఏంటీ, మావోడి నోట్లో రాజమంద్రం డాక్టరు సెయ్యెడతాడా?" అన్నాడు ఒక ముసలి సరంగు. "ఆయ్, అయితే నేనూ ఏత్తాను." రొంటిన ఉన్నదంతా బుట్టలో వేశాడు. అరటిగెలల పడవవాళ్ళ దగ్గర డబ్బు లేక ఒక గెల దించిపోయారు. అది గట్టు మీదే అమ్ముడుపోయింది. ఆ రెండు రోజులూ పుల్లయ్య తడిగుడ్డను కర్రకు చుట్టి వాడి నోట్లో చుక్కలు పిండుతూనే ఉన్నాడు. బుధవారానికి కావలసిన డబ్బు సమకూడింది. వరదయ్య మాత్రం లేవలేకపోతున్నాడు.

గురువారం పొద్దున పశువుల డాక్టరు గారు పడవ దిగారు. జీవితమంతా ఎడ్లనూ గుర్రాలనూ చూసిన మనిషి. "నీళ్ళు చూసి వెనక్కి పోతోంది, అందుకే పిచ్చి అనుకున్నాను," అని చెప్పాను.

ఆయన నా వైపు వింతగా చూశారు. "జలభయం మనుషులకయ్యా. పిచ్చికుక్క దవడ పడిపోయి మింగలేకపోవచ్చు గానీ, నీళ్ళను చూసి జడవదు. నువ్వు మనిషి లక్షణాలు తెచ్చి కుక్కకు అంటగట్టావు. నోరు తెరిచి చూశావా?"

"లేదండి. భయమేసింది."

"నాకూ వేస్తోంది. గుడ్డ మీద మందు పొయ్యి."

పుల్లయ్య తల పట్టుకున్నాడు. నేను గుడ్డను వాడి ముక్కు దగ్గర పెట్టి చుక్క చుక్కగా క్లోరోఫారం పోశాను. వాడి సొంగ నా వేళ్ళ మీద కారుతోంది. నా గోటి పక్కన చిన్న చీలిక ఉందని అప్పుడే గుర్తొచ్చింది. చెయ్యి తీసేస్తే వాడికి మెలకువ వచ్చేస్తుంది. తియ్యలేదు. ఆయన పళ్ళ మధ్య గుడ్డ చుట్టిన వెదురుముక్క పెట్టి లోపలికి చూశారు. నాలుక మొదట్లో గాలం దిగబడి ఉంది, తాడు చుట్టూ బిగుసుకుని ఉంది. తాడు కోసి, గాలం మొనను అవతలికి నెట్టి, ముల్లు కత్తిరించి వెనక్కి లాగేశారు.

పుల్లయ్య ఏడ్చేశాడు. డాక్టరు గారు చేతులు కడుక్కుంటూ, "గాలం దొరికినంత మాత్రాన పిచ్చి లేదని కాదు. పది రోజులూ నిండాలి," అన్నారు. మంగమ్మ మొహంలోకి అప్పుడే వచ్చిన వెలుగు ఆరిపోయింది. నేను నా చెయ్యి రెండుసార్లు కడుక్కున్నాను. అయినా మనసు ఊరుకోలేదు.

శనివారం వరదయ్య నీళ్ళు తాగాడు. సోమవారం గంజి తాగాడు. ప్రతిరోజూ కట్టు మార్చే నెపంతో లాకులకు వెళ్ళి, మంగమ్మ చెయ్యి కంటే ముందు వాడి మొహం చూసేవాణ్ణి. పదకొండో రోజు వెళ్ళేసరికి మంగమ్మ వాడి పక్కనే కూర్చుని ఉంది. వాడు కరిచిన చేత్తోనే ముద్దలు పెడుతోంది.

"భయం తీరిందా అమ్మా?" అన్నాను.

"తీరిందండి," అంది. తర్వాత, నన్ను నొప్పించడం ఇష్టం లేనట్టు నెమ్మదిగా అడిగింది: "ఆ సోమవారం మా ఆయన మీ మాట ఇనేసుంటే, ఎప్పటికి తీరేదండి?"

కట్టు మార్చడానికి తెచ్చిన గుడ్డ విప్పాను.

పదేళ్ళు దాటాయి. ఎవరు కుక్క కరిచిందని వచ్చినా, గాయం చూసేముందే నేను అడిగే మాట ఒకటే: "కుక్క బతికుందా?" వచ్చినవాళ్ళు ఎక్కువసార్లు, మంచి పని చేశామన్న ధీమాతో, "అప్పుడే సంపేసేమండి," అంటారు. అప్పుడు గాయం కాల్చి, కట్టు కట్టి, వాళ్ళ కళ్ళలోకి చూడకుండా సీసా మూత బిగిస్తాను.