తియ్యమని అడిగిన నొప్పి

సహోదరులారా, ఎమ్మిగనూరులో మాది మగ్గాల ఇల్లు. పెద్దపాప ఆపరేషన్‌తో పుట్టింది, పొట్టమీద కుట్టు చక్కగా మానింది, ఇంకేముంది, లోపలా మానే ఉంటుందనుకుని డాక్టరమ్మ చెప్పిన కాన్పుల మధ్య ఎడం పాటించక ఏడాది తిరక్కుండానే మళ్ళీ గర్భవతినయ్యాను. ఎనిమిదో నెలలో పాతకుట్టు దగ్గర నొప్పి మొదలైంది. మగ్గం మీద పెళ్ళిచీర సగంలో ఉంది, అది నేసి దించేదాకా చెప్పకూడదని మా ఆయనకు కూడా దాచాను. ఆదివారం ఆరాధనలో నొసట ప్రార్థన నూనె రాయించుకుని, "ప్రభువా, చీర దించేదాకన్నా ఈ నొప్పి తీసెయ్యి" అని మొరపెట్టాను. తియ్యలేదు. దేవుని మీద కోపం కూడా వచ్చింది, ఎందుకు దాచాలి!

ఒక మధ్యాహ్నం మగ్గం గుంటలోంచి లేవలేకపోయాను. మా ఆయన ఎత్తుకొచ్చి ఆటోలో ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ స్కానింగ్ చూసి, "పైకుట్టు మానింది గానీ గర్భసంచి కుట్టు పలచబడిపోయిందమ్మా. అది తెగితే బిడ్డా నువ్వూ ఇద్దరూ దక్కరు. ఇంత నొప్పి లేకుంటే నువ్వు ఈడికి వచ్చేదానివా?" అంది. అప్పటికప్పుడే ఆపరేషన్‌కు సంతకం పెట్టాను.

వెన్నులో సూది వేశారు. నడుము కింద ఒళ్ళు నాది కానట్టు, తెల్లని వెలుగులో నీళ్ళమీద తేలుతున్నట్టు ఉంది, ఎవరో లోపల మెల్లగా లాగుతున్నారని మాత్రం తెలుస్తోంది. ఎంతో దూరంనుంచి బిడ్డ ఏడుపు వినిపించింది. డాక్టరమ్మ పక్కనున్న చిన్న డాక్టరుకు చెబుతోంది: "పలచని అంచు తీసేసి కుట్టల్ల. ముందు లోపొర, దాని మీద ఇంకో పొర. మరీ బిగించొద్దు, రక్తం ఆడితేనే మానేది." నేతమనిషిని కదా, బిగిస్తే పోగు ఏమవుతుందో నాకూ తెలుసు. మొదటి మనిషిని గాఢనిద్రలో ఉంచి, ప్రక్క తెరిచి, ఎముక తీసి, తిరిగి పూడ్చిన దేవుని చేతులు ఆ గదిలోనే ఉన్నాయనిపించి, భయమంతా వదిలి అలాగే కళ్ళు మూసుకున్నాను.

బాబుకు ఇప్పుడు నాలుగో నెల. దేవునికే మహిమ, ఆ డాక్టరమ్మ చల్లగా ఉండాలి. చీర ఆలస్యమైంది, పెళ్ళికూతురు ఇంకో చీర కట్టుకుని హాయిగా పెళ్ళి చేసుకుంది. నేను అడిగింది ఇవ్వకుండా దేవుడు మా ఇద్దరినీ బతికించాడు, ఆయనను నమ్మండి. ఆపరేషన్ కుట్టు దగ్గర నొప్పి దాచుకున్న అక్కచెల్లెళ్ళు ఇక్కడ ఎవరున్నా ఆరాధన అయ్యాక నా దగ్గరికి రండి. నూనె రాసి ప్రార్థన చేస్తాను, చేసి ఆదోని బస్సు కూడా నేనే ఎక్కిస్తాను.