ఏదొచ్చినా

పొగను పసిగట్టే అలారానికి ప్రోగ్రాం రాసే ఆ మనిషికి కూర్చున్నంతసేపూ కాలు ఊగుతూనే ఉంటుంది. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు వేస్తాడో లేదో, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూస్తాడు. పొగ, వేడి, ఈ రెంటిలో ఏదొచ్చినా అలారం మోగేలా మొదట రాశాడు. వేపుడుకి కూడా గోల పెడుతోందని కొన్నవాళ్లు దుమ్మెత్తిపోశారు. వారమంతా గోళ్లు కొరుక్కుని, చివరికి రెండూ కలిసొస్తేనే మోగేలా మార్చి, పరీక్షకని సొంత వంటింట్లోనే తగిలించాడు. ఆ సాయంత్రం పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మింది. అలారం కిక్కురుమనలేదు.

"దీనికేం రోగం?" అంది భార్య, దగ్గుతూ.

"పొగ ఒక్కటే చాలదు. వేడి కూడా తగలాలి."

"అంటే, మనం అంటుకునేదాకా ఆగుతుందాండీ ఇది?"

కిటికీ తెరవాలన్న ధ్యాస కూడా లేకుండా, ఆ పొగలోనే కూర్చుని ‘రెండూ’ తీసేసి ‘ఏదొచ్చినా’ పెట్టాడు. చెవులు చిల్లులు పడేలా అరిచింది అలారం. ఆయన కాలు అప్పుడాగింది.