మాది తీర్థయాత్ర కాదు

మా హనీమూన్‌ను నా కొడుకు తీర్థయాత్ర అని నలుగురిలో చెప్పాడు.

నా వెనక చెప్పలేదు. నా పక్కనే నిలబడి, గుడి హాల్లో పులిహోర పళ్లెం చేత్తో పట్టుకుని చెప్పాడు. "డాడ్, ఆంటీ ఇద్దరూ ఫ్రాన్స్ వెళ్తున్నారు. లూర్ద్‌కి. ఆంటీకి మోకాళ్ల నొప్పులు కదా" అన్నాడు. లూర్ద్ అంటే మేరీమాత వెలిసిందని చెప్పుకునే ఊరు. రోగాలున్నవాళ్లు వెళ్లి అక్కడి ఊట నీళ్లు తెచ్చుకుంటారు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు లేవు. మేము ఆ ఊరికి వెళ్లడం లేదు. నేను గీసుకున్న దారికి ఆ ఊరు మ్యాపు మీద జానెడు దూరం.

ఇంగ్లండులోని ఈ లీడ్స్‌లో తెలుగువాళ్లం మరీ అంతమందిమి లేము. కానీ ఒక మాట పాకడానికి చాలినంతమందిమి ఉన్నాం. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి బెజవాడ పిల్ల ఒకతి మా ఆవిడ చేతులు పట్టుకుని ఉంది.

"మన గుణదల మాతకు పుట్టిల్లు అదేనట ఆంటీ! మా అత్తయ్యకి చూపు ఆనట్లేదు. చిన్న సీసాలో నీళ్లు తెచ్చిపెట్టరూ?"

నాతో పాటు బస్సులు నడిపి రిటైరైన స్నేహితుడు ఒకడున్నాడు. వాడు ఊరుకుంటాడా? "ఏరా, ఇన్నేళ్లు వెంకన్నకే దణ్ణం పెట్టనివాడివి, ఈ వయసులో మాత దగ్గరికి పరిగెత్తుతున్నావా? కొండ మోకాళ్ల మీద ఎక్కుతావా, బస్సులోనా?" అన్నాడు. అందరూ నవ్వారు.

నేను నోరు తెరిచేలోపల మా ఆవిడ తల దించుకుని, "అలాగేనమ్మా, తెస్తాం" అంది.

ఆ తల దించుకోవడం ఉందే, దాన్ని నేను మరిచిపోను. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ. అది వరమో శాపమో నాకు తెలియదు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆటోనగర్ షెడ్డులో స్పానర్లు అందించి, తర్వాత లారీలు నడిపి, ఆ తర్వాత ఈ దేశం వచ్చి రిటైరయ్యేదాకా సిటీ బస్సు నడిపాను. చదువంటూ నాకేదైనా ఉంటే అది లీడ్స్ లైబ్రరీ పెట్టిన భిక్ష. షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య అక్కడే కూర్చునేవాణ్ణి. ఫ్రెంచి కూడా అక్కడి క్యాసెట్లు విని నేర్చుకున్నాను. ఎవరితో మాట్లాడతావురా అని అందరూ నవ్వేవారు. నేర్చుకున్నది ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని నమ్మేవాణ్ణి. పిల్లాడి తల్లి పోయాక మాత్రం ఆ నమ్మకం కూడా సడలింది. ఇంట్లో తెలుగు మాట్లాడడానికే మనిషి లేకపోతే ఫ్రెంచి దేనికి?

ఆవిడను మొదట చూసింది సర్జరీలో. ఇక్కడ సర్జరీ అంటే డాక్టరుగారు మనిషిని చూసే చోటు, అంతే. ఆ సంగతి ఆవిడకు తెలియదు. భర్త పోయాక అవనిగడ్డ దగ్గరి పల్లె నుంచి కూతురింటికి కొత్తగా వచ్చింది. కూతురు ఆఫీసుకు పోతూ, "అమ్మా, పది గంటలకి నీకు సర్జరీ, నడిచి వెళ్లిపో" అని చెప్పిందట. ఆవిడ తల స్నానం చేసి, మంచినీళ్లు కూడా ముట్టకుండా, మెడలో గొలుసు తీసి ఇంట్లో పెట్టి, ఒక్కతే ఆపరేషన్‌కు వచ్చి కూర్చుంది. పక్క కుర్చీలో నేను తెలుగు పుస్తకం చదువుకుంటున్నాను. అట్ట చూసి పలకరించింది.

"అన్నయ్యగారూ, కోసేటప్పుడు మత్తిస్తారాండీ ఇక్కడ?"

"ఎవర్ని కోస్తారమ్మా?"

"నన్నేగా!"

నేను నవ్వలేదు. పుస్తకం మూశాను. సంగతి చెప్పాను. చెప్పాక ఆవిడే నవ్వింది. నవ్వి నవ్వి, "అయితే టీ తాగొచ్చన్నమాట" అంది. అలా మొదలైంది.

తర్వాత లైబ్రరీలో కలిసేవాళ్లం. చాలా నెలలు నన్ను అన్నయ్యగారూ అనే పిలిచింది. మన ఆడవాళ్లు కొత్త మగవాడితో నిర్భయంగా మాట్లాడాలంటే ముందు ఆ వరస కలిపేస్తారు. అదొక తలుపు గడియ. ఒక చలికాలం ఆ మాట మానేసింది. దాని స్థానంలో ఇంకేమీ పెట్టలేదు. ఊరికే "చూశారా", "విన్నారా" అంటూ నెట్టుకొచ్చింది. ఆవిడ నోటి వెంట వరస రాకపోవడం నేను గమనించాను. గమనించానని ఆవిడకూ తెలుసు. ఇద్దరం వయసైనవాళ్లం. అంతకంటే మాటలు అవసరం లేకపోయింది.

ఈ వసంతంలో రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి చేసుకున్నాం. ఆవిడ కూతురు సాక్షి సంతకం పెట్టి, తల్లి నెత్తిన అక్షింతలు వేసింది. నా కొడుకూ వచ్చాడు, కాదనను. సూటు వేసుకుని వచ్చాడు. కానీ ఎవరు అడిగినా, "డాడ్‌కి కంపెనీ ఉంటుందని" అంటూ వచ్చాడు. కంపెనీ! ఇక మా ఆవిడను పిలవడం ఆంటీ అనే. ఈ ఊళ్లో కొట్టులో కూరగాయలమ్మే ఆవిడ ఆంటీ. గుళ్లో చెప్పులు సర్దే ఆవిడ ఆంటీ. నా భార్యా ఆంటీయే.

"వరసకు నీకు పిన్ని అవుతుందిరా" అన్నాను ఒకసారి.

"పిన్ని అంటే మమ్మీ వాళ్ల సిస్టర్ కదా, డాడ్?"

"తల్లి తర్వాత తల్లి. ఎవరికి పుట్టిందన్నది కాదు."

"ఐ నో వాట్ ఇట్ మీన్స్" అని అక్కడితో ఆపేశాడు. వాడికి తెలుగు అంతా అర్థమవుతుంది. జవాబు మాత్రం ఈ ఊరి ఇంగ్లీషులో వస్తుంది.

ఫ్రాన్సు ఆలోచన నాది కాదు, ఆవిడది. నేను లైబ్రరీలో ఆ దేశపు మ్యాపు పరిచి రోన్ నది చూపిస్తున్నాను. ఆర్ల్ అనే ఊరి దగ్గర ఆ నది రెండు పాయలై సముద్రంలో కలుస్తుంది. ఆ రెండు పాయల మధ్య లంక పేరు కామార్గ్. అక్కడ వరి పండిస్తారని చెప్పాను.

ఆవిడ వేలు మ్యాపు మీద ఆగిపోయింది. "పులిగడ్డ దగ్గర మన కృష్ణ చీలినట్టా? మధ్యలో మన దివిసీమలాగానా?"

"అచ్చం అలాగే. ఉప్పు కొఠార్లు కూడా ఉన్నాయట."

"తెల్లవాళ్లు వరి ఎలా నాటుతారో చూడాలండీ" అంది. కాస్త ఆగి, "పెళ్లయ్యాక ఎక్కడికో వెళ్తారు కదా పిల్లలందరూ. మొదటిసారి నన్నెవరూ ఎక్కడికీ తీసుకెళ్లలేదు" అంది.

హనీమూన్ అన్న మాట ఆవిడ నోటి వెంట రాలేదు. నేనే అన్నాను. అనగానే పక్క బల్ల దగ్గర కుర్రాడు చదువుకుంటున్నాడని చూసి పమిట సర్దుకుంది.

అప్పటి నుంచి మా భోజనాల బల్ల మీద మ్యాపు ఉండేది, కంచాలు ఒళ్లో పెట్టుకుని తినేవాళ్లం. పోర్ట్స్‌మత్‌లో కారును ఓడ ఎక్కించడం, అవతల దిగి పెద్ద రోడ్లు వదిలి పల్లెల మీదుగా దక్షిణానికి దిగడం, వలంసోల్ దగ్గర లావెండర్ తోటలు, ఆర్ల్, వరి చేలు, చివరికి సముద్రం. లావెండర్ అంటే ఏమిటని అడిగింది. దవనంలా వాసన వేసే నీలం పూలని చెప్పాను. "అయితే జడలో పెట్టుకోవచ్చా?" అంది. జడ అంటే ఆవిడకిప్పుడు చిటికెన వేలంత. ఆ మాట ఆవిడే అని నవ్వింది.

ఒక చిక్కుంది. అక్కడ కుడి పక్కన నడపాలి. మన కారులో స్టీరింగూ కుడివైపే. ముందు లారీ ఉంటే దాన్ని దాటేటప్పుడు ఎదురుగా ఏం వస్తోందో డ్రైవరుకు కనపడదు, పక్క సీట్లో మనిషికి కనపడుతుంది. ఆ మనిషి చెప్పాలి. డ్రైవరు నమ్మాలి. అందుకని రెండు కుర్చీలు పక్కపక్కన వేసుకుని నేర్పాను. నేను భోజనం పళ్లెం స్టీరింగులా పట్టుకునేవాణ్ణి. ఏ మాట వాడదామంటే, ఆవిడ తడుముకోకుండా మన ఎర్రబస్సు కండక్టరు మాటలే ఎంచుకుంది. దారి ఖాళీ ఉంటే "రైట్, రైట్." బండి వస్తుంటే "హోల్డాన్!" అది అరిచే తీరుకు మా కిటికీ అద్దాలు అదిరేవి.

ఒకరోజు మేము అలా కూర్చుని ఉండగా కొడుకు తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి చూశాడు. నవ్వలేదు. అది నాకు గుర్తు.

"నేను వారం లీవ్ పెడతా డాడ్. నేను డ్రైవ్ చేస్తా. ఆంటీ వెనక సీట్లో కాళ్లు చాపుకోవచ్చు."

"హనీమూన్‌కు కొడుకును వెంటేసుకుని వెళ్తారట్రా ఎవరైనా?"

వాడి ముఖం ఎర్రబడింది. "ఆ మాట అనకు ప్లీజ్. అయినా ఇప్పుడు ఆషాఢం కదా, పంతులుగారు చెప్పారు. కొత్త కపుల్ కలిసి ఉండకూడదట."

పుట్టి బుద్ధెరిగాక పంచాంగం ముట్టని వెధవ ఆషాఢం పట్టుకొచ్చాడు! నేను లేచేలోపల ఆవిడ మెల్లగా అంది: "నిజమే బాబూ. ఆషాఢంలో కొత్తకోడలు అత్తగారి గడప తొక్కకూడదు. నాకు ఇద్దరత్తగార్లు. ఇద్దరూ పైనే ఉన్నారు. వాళ్ల గడప తొక్కకుండా ఉండాలనే నేనూ చూస్తున్నాను."

వాడికి నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. ఆ ఆపుకోవడమే ఆ తర్వాత ఆదివారం గుళ్లో లూర్ద్ అయి బయటికొచ్చింది.

గుడి నుంచి నేరుగా వాడింటికి వెళ్లాను. ఆవిడను ఇంటి దగ్గర దించేసి వెళ్లాను.

"ఏం తప్పు చేసిందిరా ఆవిడ? నీళ్ల సీసాలు మోయాలా?"

"జనం నవ్వుతారు డాడ్. సెవెంటీ దాటాక హనీమూన్ ఏంటని. నీ మీద నవ్వకూడదనే చెప్పా."

"నవ్వితే నా మీద కదా నవ్వేది? నీకెందుకు?"

అప్పుడు అసలు మాట బయటికొచ్చింది. "మమ్మీని ఎక్కడికి తీసుకెళ్లావు నువ్వు? ఒక్కసారి ఫ్రాన్స్ అన్నావు. డోవర్ పోర్ట్ దాకా వెళ్లి కారు వెనక్కి తిప్పేశావు. నేను వెనక సీట్లో ఉన్నా. మమ్మీ ముందు సీట్లో ఏడ్చింది."

నాకు ఒళ్లు మండిపోయింది. నాకు ఆ రోజు అక్షరం అక్షరం గుర్తుంది. రేవులో ఓడను చూసి వాళ్లమ్మకు భయం వేసింది. నీళ్లంటే చిన్నప్పటి నుంచీ ఆమెకు భయం. "నావల్ల కాదండీ, వెనక్కి తిప్పండి" అని ఏడ్చింది. తిప్పాను. వాడికి ఎనిమిదేళ్లు. ఏడుపు గుర్తుంది, మాట గుర్తులేదు. ఇన్నేళ్లుగా ఆ తప్పు నా నెత్తిన పెట్టి పెరిగాడు. చెప్పాను. నమ్మలేదు. ఆ రోజు జరిగింది చెప్పడానికి ఇప్పుడు మేమిద్దరం తప్ప సాక్షి లేదు.

ఇంటికి వచ్చి ఆవిడతో, పోనీలెండి, వాడు ఏమన్నా మన దారిన మనం వెళ్దాం అన్నాను. ఆవిడ బట్టలు మడత పెడుతోంది. పెట్టెలోవి తీసి మడత పెడుతోందని అప్పుడు చూశాను.

"నేను రానండీ."

"వరి చేలు?"

"ఉంటాయి, ఎక్కడికీ పోవు. తీర్థానికని వెళ్తే వచ్చాక నీళ్లు పంచాలి. ఆ చూపు ఆనని ముసలమ్మ కళ్లకు నేను పంపు నీళ్లు ఎలా ఇవ్వను? అవునని తలూపింది నేనే. మీవాడి మాట నిలబెడదామని ఊపాను. ఇంకోసారి ఊపలేను. నేను మీకేమవుతానో ఆ అబ్బాయి నలుగురిలో చెప్పిన రోజు వస్తాను."

ఆవిడ గొంతు పెంచలేదు. పెట్టె మూసి మంచం కిందికి తోసింది. నేను మ్యాపు మడిచాను. చాలాకాలం తెరిచి ఉంచిన మ్యాపు పాత మడతల్లోకి సరిగ్గా రాదు.

కొడుకుకు ఫోన్‌లో ఒకటే మాట పంపాను: "నువ్వు చెప్పింది నువ్వే వెనక్కి తీసుకోవాలి. ఆవిడ నా భార్య. మేము వెళ్లేది హనీమూన్‌కు." ఓడ ఎక్కాల్సిన రోజు దగ్గరపడుతోంది. ఆవిడ ఆ మాటే ఎత్తలేదు. వంట చేసింది, టీవీ చూసింది, నా షర్టు గుండీ కుట్టింది. రెండు కుర్చీలు మాత్రం ఎవరమూ విడదీయలేదు. అలా పక్కపక్కనే ఉండిపోయాయి.

మళ్లీ ఆదివారం వచ్చింది. మేము గుడికి వెళ్లలేదు. మధ్యాహ్నం భోజనం చేస్తుంటే నా ఫోన్ మోగి ఊరుకుంది. కొడుకు గొంతు రికార్డు చేసి పంపాడు. వాడికి తెలుగు రాయడం రాదు. ఎంగిలి చేత్తోనే నొక్కాను. ఇద్దరం విన్నాం. వెనక గుడి గంట, పళ్లేల చప్పుడు, నా బస్సు స్నేహితుడి నవ్వు. వాటి మీదుగా, నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ, తెలుగులో:

"నాన్నా, అందరికీ చెప్పేశాను. లూర్ద్ కాదు, హనీమూన్ అని. అంకుల్ చాలా నవ్వాడు. నవ్వనీ. నీళ్ల సీసా అడిగిన ఆమెకు సారీ చెప్పాను. డోవర్ గురించి నాకు ఇంకా నువ్వే తిప్పినట్టు గుర్తు, వచ్చాక మాట్లాడదాం. అక్కడ లారీలు దాటేటప్పుడు తొందరపడకు. పిన్ని రైట్ అనేదాకా ఆగు."