బయల్దేరే వేళ అడిగిన గొంతు

దెయ్యాల కబుర్లంటే నాకు చిన్నప్పటినుంచీ నవ్వే. మా అత్తకి భయం, మా ఆయనకి సరదా, నాకు మాత్రం అవి పనిలేనివాళ్ళ కాలక్షేపం. ఎవరికైనా ఏదో కనిపించిందంటే, ముందు కళ్ళు చూపించుకోమంటాను. అలాంటిదాన్ని ఈ సంగతి రాస్తున్నానంటే నా చెవులతో విన్నాను గనకే రాస్తున్నాను.

మాది చోడవరం. మా ఆయన కుట్టు మిషన్లు బాగుచేసేవారు. కె.కోటపాడు, దేవరాపల్లి, మాడుగుల, ఆ చుట్టుపక్కల ఏ దర్జీ మిషను మొరాయించినా ఆయనకే కబురు వచ్చేది. వెళితే ఒక పట్టాన తిరిగొచ్చేవారు కాదు. ఎవరి అరుగు మీదో పడుకుని, ఎవరు పెట్టిందో తిని, చిక్కి సగమై ఇల్లు చేరేవారు. పెళ్ళయిన కొత్త. నాకు ఒళ్ళు మండిపోయేది. మొగుడు ఊళ్ళమ్మట తిరుగుతుంటే అత్త మొహం చూస్తూ కూర్చోవడానికా నేను కాపురానికొచ్చింది?

అందుకే బండి కొందామని పోరు పెట్టింది నేనే. కొత్తది మా స్థోమతకి అందే మాట కాదు. యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న వ్యాను ఒకటి అనకాపల్లిలో ఒక మెకానిక్కు దగ్గర ఉందని తెలిసి ఇద్దరం వెళ్ళాం. దాని వెనక భాగంలో ఎవరో చక్కగా ఇల్లు అమర్చుకున్నారు. గోడకి మడిచిపెట్టే బల్ల మంచం, గిన్నెల అర, స్టవ్వు పెట్టుకునే చోటు. డ్రైవరు సీటుకీ ఆ గదికీ మధ్య చిన్న కిటికీ, దానికి పూల గుడ్డ తెర. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇందులో ఎవరుండేవోరు బాబూ?" అని అడిగాను.

"సేతులు మారి మారి వచ్చిందమ్మా, నాకేటి తెలుసు? ఇంజను సూడండి, బంగారం," అన్నాడు మెకానిక్కు.

నా మెడలో గొలుసు దాని ఖరీదు కింద పోయింది. ఏమీ బాధపడలేదు.

మొదటిసారి కోటపాడు బయల్దేరిన పొద్దుట, సామానంతా ఎక్కించి నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఆయన ఇంజను తిప్పడానికి హేండిలు పట్టుకుని బండి ముందుకి వెళ్ళారు. అప్పుడు "ఎక్కడికీ?" అని వినిపించింది. ముసలి ఆడగొంతు, సన్నగా.

బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడగకూడదని పసిపిల్లలకి కూడా తెలుసు. నాకు పట్టింపులు తక్కువే గానీ, కొత్తగా కొన్న బండి ఎక్కి కూర్చుంటే అలా అడిగేసరికి చిర్రెత్తుకొచ్చింది.

"ఏటత్తా, ఎల్లేటప్పుడు ఎక్కడికని అడుగుతారేటి? పెద్దోరు, మీకు నేను సెప్పాలా?"

"నేనెప్పుడడిగేనే? నోరిప్పితే ఒట్టు!" అంది మా అత్త. ఆవిడ వీధి గుమ్మంలో, బండికి ముందు వైపున ఉంది. గొంతు నా వెనకనుంచి వచ్చిందని నాకు అప్పుడు తట్టలేదు. ఇద్దరం మాటా మాటా అనుకున్నాం. చివరికి మా ఆయనే సర్దిచెప్పి, నన్ను దింపి అరుగు మీద కూర్చోబెట్టారు. కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాం. అలా అడిగించుకున్నప్పుడు ఎవరైనా చేసేది అదే.

కోటపాడు నుంచి తిరిగొచ్చేటప్పుడు మా అత్త లేదు. అయినా ఆ గొంతు అడిగింది. తెర తీసి చూశాను. మడిచిన మంచం, గిన్నెలు, అంతే. మమ్మల్ని సాగనంపడానికి వచ్చిన దర్జీ మాత్రం నొచ్చుకున్నాడు.

"లోపల పెద్దావిడున్నారేటండీ? దించలేకపోయేరా, టీ అయినా ఇవ్వలేదు."

మా ఆయన నా మొహం చూశారు. ఆయనా విన్నారని నాకప్పుడు తెలిసింది.

ఆ తరవాత దాదాపు ప్రతి ప్రయాణానికీ అంతే. పట్టపగలు, ఇంజను ఇంకా స్టార్టు కాకముందే వినిపించేది, కాబట్టి బండి చప్పుడని అనుకోవడానికీ లేదు. వినగానే దిగి, కూర్చుని, నీళ్ళు తాగి బయల్దేరేవాళ్ళం. చెడు ఏమీ జరగలేదు. పనులు బాగానే అయ్యాయి. దాంతో ఆయనకి వేళాకోళం ఎక్కువైంది.

"దేవరాపల్లికే మామ్మా, నువ్వూ వస్తావేటి?" అనేవారు.

"పిలవకండి బాబూ," అని నేను బతిమాలేదాన్ని. ఎందుకంటే ఆ గొంతు మొదట్లో మంచం దగ్గరినుంచి వచ్చేది. ఆయన పిలవడం మొదలుపెట్టాక కిటికీ తెర దగ్గరికి వచ్చింది. ఆ తరవాత నా చెవి పక్కనే వినిపించేది.

అంతలో నాకు నెలలు నిండుతున్నాయి. బండి అమ్మేయమని ఏడ్చాను. ఆయనకి జాలేసింది.

"పురుడెల్లనీ, అమ్మేస్తాను. మాడుగులలో రెండు మిషన్లున్నాయి, అవి సూసి సాయంత్రానికల్లా వచ్చేస్తాను. హల్వా తెస్తాన్లే," అన్నారు.

నేను, మా అత్త గుమ్మంలో నిలబడ్డాం. ఆయన హేండిలు అందుకున్నారు. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. బండిలోంచి ఏ గొంతూ రాలేదు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు నా నోరు తెరుచుకుంది. "ఎక్కడికీ?" అన్నాను.

నేను అనలేదు. నా నోట్లోంచి వచ్చింది, అంతే. గొంతు నాది కాదు, ఆ ముసలిదాని గొంతు. మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన నా వైపు కాక, మొదట బండి లోపలి కిటికీ తెర వైపు చూశారు.

మా అత్త ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టింది. నీళ్ళు నేనే తెచ్చి ఇచ్చాను. గ్లాసెడూ తాగారు. వెళ్ళొద్దని కాళ్ళు పట్టుకోబోయాను. "పిచ్చిదానా, కూర్సున్నాను, నీళ్ళు తాగేను, ఇంకేటి? ఎల్లొస్తాను," అన్నారు. ఆ మాట కూడా ఎలా అనాలో అలాగే అన్నారు.

సాయంత్రానికి రాలేదు. మర్నాడు మా అత్త తమ్ముడు వెతుక్కుంటూ వెళితే, మాడుగుల ఇంకా కొంచెం దూరం ఉందనగా రోడ్డు పక్కన బండి కనిపించింది. ఇంజను బాగానే ఉంది. పనిముట్లు ఉన్నాయి. నేను కట్టిచ్చిన అన్నం మూట విప్పలేదు. మడిచి ఉండాల్సిన మంచం మాత్రం వాల్చి ఉందట. మనిషి లేరు. బావులూ చెరువులూ గాలించారు, పోలీసులొచ్చారు. ఎక్కడికో పారిపోయాడని కొందరన్నారు. పెళ్ళాం కడుపుతో ఉంటే పారిపోయే మనిషి కాదు ఆయన. అలా అన్నవాళ్ళ మొహం నేను మళ్ళీ చూడలేదు.

బండిని ఇంటికి తేనివ్వలేదు. అక్కడికక్కడే ఎవరికో ఇచ్చేశారు. కొడుకు పుట్టాడు. తండ్రి వాణ్ణి చూడలేదు.

ఇప్పుడు వాడు పెద్దవాడై ఉద్యోగానికి వెళుతున్నాడు. పొద్దుట వాడు చెప్పులు వేసుకుంటున్నప్పుడు నేను వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంటాను. "అందరి అమ్మలూ గుమ్మంలోకొస్తారు, నువ్వు మొహం సాటేస్తావేటమ్మా?" అని నిష్ఠూరమాడతాడు. ఏమని చెప్పను? ఆ రోజు నాలోంచి అడిగిందెవరో, వెళ్ళిపోయిందో ఇంకా ఉందో నాకే తెలియదు. వాడు వీధి మలుపు తిరిగాడని నమ్మకం కలిగేదాకా చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడతాను.