సావిచ్ పుల్ల ఆపిల్

నికిఫోర్ సావిచ్ మనుషుల్ని ఆపిల్ పండుతో తూచేవాడు. పెరట్లో కాసిన అంతొనోవ్క అనే పుల్లటి రకం పండు చేతిలో పెట్టి, కొరికేవాడి మొహంలోకి రెప్పవేయకుండా చూసేవాడు. మొహం చిట్లిందా, ఆ మనిషి ఇక ఆయన లెక్కలో లేనట్టే. ఆ పులుపుకి గుర్రాలే పళ్ళికిలించేవి, మనుషులెంత!

జ్వరం చూడవచ్చిన డాక్టరుకీ తప్పలేదు.

"ఎలా ఉంది?"

"అద్భుతం."

"మరి కళ్ళలో ఆ నీళ్ళు?"

"ఆనందమండీ, ఆనందం."

"అయితే ఇంకోటి తినండి!"

డాక్టరు మళ్ళీ ఆ వీధి తొక్కలేదు. ఇంకోసారి ఓ యువకుడు గింజలతో సహా నమిలి మింగేశాడు. సావిచ్ వాటేసుకుని, "మా మనవరాలితో పెళ్ళెప్పుడు పెట్టుకుందాం?" అన్నాడు. పాపం, అతనొచ్చింది కరెంటు మీటరు చూసుకోవడానికి.

అసలు తగువు పక్కింటి దూన్యాతో. ఆమె పెరట్లో తీపి ఆపిల్ చెట్టు ఉంది. పెళ్ళైన కొత్తలో భర్త దక్షిణాది నుంచి తెచ్చి నాటాడు. ఆయన పోయాక ఆమెకి మిగిలిన తోడు అదే. సావిచ్ రోజూ కంచె మీంచి దాన్ని దెప్పేవాడు.

"దూన్యా, నీ చెట్టుకి శాలువా కప్పవే, తుమ్ముతోంది!"

"నీ పండు తింటే తుమ్ము కాదు, ప్రాణమే పోతుంది!"

"నాది వసంతం దాకా చెక్కుచెదరదు. నీది కోసిన వారానికే కుళ్ళుతుంది."

"నీదెలా కుళ్ళుతుంది! పురుగులు కూడా ముట్టవు."

ఓ ఏడాది చలి విరుచుకుపడింది. తోటల్లో మానులు తుపాకులు పేలినట్టు పగిలాయి. వసంతానికి సావిచ్ చెట్టు ఏమీ ఎరగనట్టు చిగురించింది. దూన్యా చెట్టు నల్లగా మాడి నిలబడింది. రంపం తెచ్చినవాణ్ణి వెనక్కి పంపేసి, ఆమె దాని మొదట్లో కూర్చుని ఏడ్చింది.

ఇక దెప్పుళ్ళు తప్పవనుకుంది. సావిచ్ కంచె దగ్గరికే రాలేదు. పైగా కంచె ఎత్తు పెంచి, గోనెపట్టాలు కట్టాడు. "గెలిచాడుగా, పొగరు!" అన్నారు ఊళ్ళోవాళ్ళు. దూన్యా కూడా అదే అనుకుని మాటలు మానేసింది.

కొన్నేళ్ళకి, పళ్ళు కోసే రోజుల్లో, సావిచ్ ఆమె గుమ్మంలోకొచ్చాడు.

"ఒక్కసారి మా పెరట్లోకి రా."

ఆమె విసుక్కుంటూనే వెళ్ళింది. పసుపుపచ్చ కాయల నడుమ ఒక్క కొమ్మ మాత్రం ఎర్రగా విరగకాసింది. దూన్యా ఒకటి తెంపి కొరికింది. అదే తీపి.

"ఇది... మా ఆయన చెట్టు కదూ?"

"చలి ముదరకముందే నీ చెట్టు రెమ్మలు నాలుగు దొంగిలించా. మంచులో దాచి, వసంతంలో నా చెట్టుకి అంటుకట్టా. బతుకుతుందో లేదోనని చెప్పలేదు, నీకు కనపడకుండా కంచె పెంచా. ఆశపెట్టి ఏడిపించడం ఎందుకు? నాది మొండిఘటం, దీన్ని మోస్తుందిలే."

దూన్యా తలగుడ్డ చెంగుతో కళ్ళొత్తుకుంది.

"నువ్వు తిన్నావా, సావిచ్?"

"ఆ, తిన్నా. ఛీ, ఒట్టి తీపి!" అంటూనే ఆయన కొమ్మ వంచి ఇంకో పండు తెంపుకుని, చొక్కాకి శుభ్రంగా తుడుచుకున్నాడు.