స్టాల్ స్పీడు మీద అనుమానం

ఎవరు ఏం చెప్పినా నేను ఒక పట్టాన నమ్మను. మా ఇంట్లో ఎవరూ నమ్మరు. మాది మగ్గం ఇల్లు. రంగు నూలు ఇంటికి రాగానే మా అమ్మ ఒక పోగు తుంచి, నీళ్ళలో తడిపి, తెల్లగుడ్డ మీద రుద్ది చూస్తుంది. రంగు దిగదని తెచ్చినాయన ఒట్టేసినా రుద్దుతుంది. ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నా మొహమాటపడదు. అట్లాంటి ఇంట్లో పుట్టి, నేను విమానం నడపడం నేర్చుకోవడానికి చేరాను.

కర్నూలుకు కాస్త దూరంలో, రాళ్ళూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేని నేల మీద మా రన్‌వే. నాకు నేర్పే సారు కడప మనిషి, అరవైకి దగ్గరపడ్డవాడు. రేడియోలో ఇంగ్లీషు దంచేవారు, నాతో మాత్రం కడప తెలుగే. మొదటి వారాల్లో ఆయన మీద నాకు ఏ అనుమానమూ లేదు. స్టాల్ పాఠం మొదలయ్యాకే పట్టుకుంది.

స్టాల్ అంటే ఇంజను ఆగిపోవడం కాదు. ఇంజను తిరుగుతూనే ఉంటుంది, రెక్కే పని మానేస్తుంది. ముక్కు పైకెత్తి వేగం తగ్గించుకుంటూ పోతే, రెక్క మీద నుంచి సాఫీగా జారే గాలి ఒకచోట చెదిరిపోతుంది. హారన్ మోగుతుంది, విమానం వణుకుతుంది, ముక్కు వాలిపోతుంది. అప్పుడు స్టీరింగును, దాన్ని యోక్ అంటారు, ముందుకు తొయ్యాలి. ముక్కు ఇంకాస్త కిందికి దిగి, రెక్కకు గాలి మళ్ళీ దొరుకుతుంది. తర్వాత ఇంజను జోరు పెంచి పైకి లేవడమే. బాగా పైకి పోయాక, దీన్ని కావాలని చేయించి నేర్పుతారు. ఇది రాకుండా ఎవర్నీ ఒంటరిగా గాల్లోకి పంపరు.

నాకు మూడుసార్లు రాలేదు. మూడుసార్లూ తొయ్యాల్సిన చోట లాగాను. లాగితే రెక్క ఇంకా చచ్చిపోతుంది, ఒక పక్కకు ఒరిగి గిర్రున తిరగబోతుంది. ప్రతిసారీ సారే తన వైపున్న యోక్ అందుకుని సర్దారు.

మూడోసారి దిగాక, "భయపడతాండావు పాపా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అది భయం కాదు. ఏమిటో మాత్రం నాకూ తెలియదు.

"ఇంగొక్కసారి చూస్తా. అప్పుడూ ఇట్లే అయితే నిన్ను ఇంటికి పంపాల్సిందే. నేనేం చేసేదానికి లేదు" అన్నారు.

ఆ మాటతో నా అనుమానాలకు తలుపులు తెరుచుకున్నాయి. ఈయన నన్ను పంపించేయాలనే చూస్తున్నాడా? ఎందుకంటే అంతకు ముందే ఆయన ఒక అబద్ధం చెప్పినట్టు నాకు తోచింది. మా విమానం స్టాల్ స్పీడు నలభై ఎనిమిది అని చెప్పారు. వేగం మీటరు ముల్లు దానికి దగ్గరపడితే రెక్క వదిలేస్తుందని నేను బట్టీ పట్టాను. తిన్నగా పోయినప్పుడు అట్లాగే జరిగింది. కానీ ఒకరోజు బాగా ఒరిగి మలుపు తిరుగుతుంటే, ముల్లు ఇంకా అరవైకి దగ్గర్లో ఉండగానే విమానం గడగడా వణికింది. నలభై ఎనిమిది ఎక్కడ, అరవై ఎక్కడ? అడిగితే, "మలుపులో పెరుగుతాది, పుస్తకంలో ఉండాది, సదువుకో" అని క్యాంటీను వైపు వెళ్ళిపోయారు. అంత తేలిగ్గా తేల్చేసేసరికి ఇంకా అనుమానమేసింది.

తర్వాత మీటరును అనుమానించాను. రెక్క కింద చిన్న పైపు ఉంటుంది. ఎదురుగాలి అందులో దూరితేనే వేగం ముల్లు కదిలేది. మా వైపు కందిరీగలకు సందు కనిపిస్తే చాలు, మట్టి తెచ్చి గూడు కట్టేస్తాయి. రోజూ పొద్దున్నే వంగి ఆ పైపులోకి టార్చి కొట్టి చూసేదాన్ని. ఒక్క కందిరీగా లేదు, రవ్వంత మట్టీ లేదు. అయినా నా మనసు ఒప్పలేదు.

పైన ఉన్నంతసేపూ సారు ముల్లు వంక చూడరు, నా చేతి వంకే చూస్తారు. అదీ నాకు నచ్చలేదు. తప్పు పట్టుకోవడానికే కాచుకుని ఉన్నారనుకున్నాను.

ఆ ఆదివారం బస్సెక్కి ఇంటికి పోయాను. ఇదే చివరిసారి అవుతుందేమో, ఇక ఇంట్లోనే ఉండిపోతానేమో అని దారి పొడుగునా దిగులే. అన్నం తింటూ అమ్మకు అంతా చెప్పాను.

"మీ సారు యాడనో మోసం చేస్తాండాడు. ఒక లెక్క చెప్పినాక ఇంగో లెక్క ఎట్లైతాది?" అంది అమ్మ వెంటనే. నేను ఎవరి కూతురినో మీకు అర్థమై ఉంటుంది.

నా పక్షాన మాట్లాడినందుకు సంతోషించాల్సింది పోయి, నాకు పుస్తకంలో చదివింది గుర్తొచ్చి వాదనకు దిగాను. చీర పెట్టె అట్టముక్క ఒకటి చింపి, టేబుల్ ఫ్యాను ముందు పట్టుకున్నాను. పడుకోబెట్టి పట్టుకుంటే ఊరికే ఉంది. ముందు అంచు కొంచెం ఎత్తితే అట్ట పైకి లేస్తానని చేతిని లాగింది. అమ్మ చేతికిచ్చాను. "అవ్ మే, లేస్తాండాది!" అంది. "ఇంకా ఎత్తు" అన్నాను. ఎత్తుతూ పోయింది. ఒకచోట అట్ట అదాటున దడదడలాడి, పైకి లాగడం మానేసి, చేతిలో బరువుగా వెనక్కి వాలింది.

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఫ్యాను తగ్గిచ్చినావు గదా?"

"నేను ముట్టుకోలేదు."

నమ్మలేదు. లేచి పోయి ఫ్యాను బటన్లు చూసుకుని వచ్చింది. మళ్ళీ కూర్చుని, ఈసారి ఒక చేయి ఫ్యాను మీద పెట్టుకుని, ఇంకో చేత్తో అట్ట ఎత్తింది. అదే చోట దడదడలాడింది. అమ్మ మళ్ళీ చేసింది. నేను మాత్రం ఆమె చేతిని చూస్తూ ఉండిపోయాను.

గాలి వేగం ఇసుమంత మారలేదు. మారింది అట్ట ఎత్తిన వాలు. రెక్కను చంపేది వేగం తగ్గడం కాదు, గాలికి ఎదురుగా రెక్కను అతిగా ఎత్తడం. తిన్నగా పోయేటప్పుడు నలభై ఎనిమిది దగ్గర ఆ వాలు వస్తుంది. మలుపులో విమానం బరువెక్కినట్టవుతుంది, ఎత్తు నిలవాలంటే ముక్కు ఇంకా లాగిపట్టాలి, కాబట్టి అదే వాలు అరవైకి దగ్గరే వచ్చేస్తుంది. మీటరు అబద్ధం చెప్పలేదు. సారూ చెప్పలేదు. ఓర్చుకుని విడమరిచి చెప్పలేదు, అంతే. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

అయితే నేనెందుకు లాగుతున్నానన్నది మాత్రం తేలలేదు.

సాయంత్రం అమ్మ మగ్గం దగ్గర్నుంచి లేచి నీళ్ళకు పోతే, ఊరికే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. అలవాటు కొద్దీ అరచేత్తో పడుగు మీద తట్టాను. దారాలు కాస్త వదులుగా తగిలాయి. నా చెయ్యి దానంతటదే పోయి, నేసిన గుడ్డ చుట్టుకునే కర్రను నా వైపు లాగి బిగించింది. కళ్ళు ఎటో చూస్తున్నాయి.

అమ్మ చెంబుతో గడపలో నిలబడి, "చూడకుండానే బిగిస్తాండావే. మర్చిపోలే ఇంగా" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు, యోక్ గుర్తొచ్చింది. స్టాల్‌కు ముందు యోక్ వదులైపోతుంది. వేగం తగ్గి, రెక్కల మీద గాలి పలచబడి, చేతిలో పట్టు లేనట్టు వేలాడుతుంది. వదులు తగిలితే లాగు. పదేళ్ళ వయసు నుంచి ఈ చేతికి తెలిసింది అదొక్కటే. పైపునూ ముల్లునూ సారునూ అందరినీ అనుమానించాను గానీ, నా సొంత చేతిని అనుమానించాలని తోచలేదు.

తెలిసినంత మాత్రాన చెయ్యి మారదు. సారు ఇంకొక్కసారి చూస్తానన్న పరీక్ష రెండు రోజుల్లో ఉంది. ఆ రెండు రోజులూ కాలు నిలవలేదు నాకు.

పరీక్ష రోజు పొద్దున ఆత్మకూరు వైపు, అడవి మొదలయ్యే ముందున్న బీళ్ళ మీదికి పోయాం. పైన సారు జేబులోంచి కాగితం ముక్క తీసి వేగం ముల్లు కనపడకుండా అతికించారు. నన్ను ఓడించే ఎత్తు ఇదేనన్నమాట అనుకున్నాను. "ఎడమకు తిరుగు. బాగా ఒరిగిచ్చు. లాగుతానే ఉండు" అన్నారు.

తిరిగాను. ముక్కు ఎత్తాను. ఇంజను శబ్దం మారింది. యోక్ వదులవుతోంది. హారన్ సన్నగా మొదలై గట్టిగా అందుకుంది. వణుకు మొదలైంది. నా చెయ్యి లాగడానికి సిద్ధమవడం స్పష్టంగా తెలిసింది నాకు. వద్దని చెప్పినా వినదు. అందుకని వేళ్ళన్నీ విప్పేశాను. అరచెయ్యి మాత్రం యోక్‌కు ఆనించాను. వేళ్ళు లేని చెయ్యి దేన్నీ లాగలేదు, తొయ్యగలదు అంతే.

తోశాను. నేల అద్దం నిండా వచ్చింది. వణుకు ఆగింది. యోక్ మళ్ళీ గట్టిగా అరచేతికి తగిలింది. ఇంజను జోరు పెంచి, రెక్కలు సమం చేసి, పైకి లేచాను. సారు "ఊఁ" అని, ముల్లు మీది కాగితం పీకేశారు. మెచ్చుకున్నారో లేదో తెలియలేదు.

దిగాక విమానం రన్‌వే పక్కకు రాగానే ఆపమన్నారు. ఇంజను తిరుగుతుండగానే తలుపు తీసుకుని దిగి, తన సీటు బెల్టు ఖాళీ సీటుకు బిగించి, "ఒక చుట్టు తిరుక్కోని రా. ఒక్కదానివే" అన్నారు.

"ఇదీ పరీక్షేనా సార్?"

"కాదు. పో పాపా, ఎండెక్కుతాది."

ఆయన బరువు లేని విమానం నేను అనుకున్న దానికంటే ముందే నేల వదిలేసింది. బరువు తగ్గితే స్టాల్ స్పీడూ తగ్గుతుందని నాకు తెలుసు. తెలిసినా పక్కకు చూశాను. పక్క సీట్లో ఎవరూ లేరు. అందుకుని సర్దే చెయ్యి లేదు.

చుట్టు సగం తిరిగాక కింద సారు కనిపించారు. ఎండలో ఒక్కరే, తల పైకెత్తి నిలబడి ఉన్నారు. అప్పుడు తట్టింది. మూడుసార్లు నేను ఈ విమానాన్ని పడిపోయేలా లాగాను. పడితే ఇద్దరం పడేవాళ్ళం. అయినా ప్రతిసారీ మరుసటి పొద్దున ఆయన మళ్ళీ వచ్చి నా పక్కనే కూర్చున్నారు. ఆయన గురించి ఇన్ని ఊహించిన నేను, ఆ సంగతి ఒక్కసారీ ఊహించలేదు. నాకు సిగ్గేసింది.

దిగి, ఇంజను ఆపాను. సారు నిదానంగా నడిచి వచ్చి తలుపు తీశారు.

"సార్, నా పక్కన కూర్చోవడానికి మీకు భయం కాలేదా?" అని అడిగాను.

"శానా అయింది పాపా" అన్నారు. "ఇప్పుడు కింద నిలబడినప్పుడు ఇంగా అయింది."

నేను సీట్లోనే కూర్చుని గట్టిగా ఏడ్చేశాను. ఆయన తలుపు పట్టుకుని, నా ఏడుపు అయిపోయేదాకా అట్లాగే నిలబడ్డారు.