బాపు పక్కన వదిన

వదిన పోయిందని ఆమె తమ్ముడు బోధన్ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను నిజామాబాద్‌లో, నేను పనిచేసే ల్యాబ్‌లో రిపోర్టులు టైపు చేస్తున్నాను. "అక్క పోయింది. మీ ఇంట్ల నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అన్నాడు. నేనే చెప్పాను. మా అన్న "అట్లనా" అని ఫోన్ పెట్టేశాడు. మమ్మల్ని కన్న మా అవ్వ "ఆమెకూ మనకూ ఇప్పుడేం సంబంధం?" అంది. మా ఇంటి నుంచి మట్టి వెయ్యడానికి వెళ్ళింది నేనొక్కదాన్నే.

పోయినవారి గురించి రాసేటప్పుడు మనసు శాంతంగా ఉండాలంటారు. నాకు లేదు. ఆమెకూ లేదు. కామెర్లు ముదిరి మంచం పట్టాక చూడబోతే నా చెయ్యి పట్టుకుని, "మాఫ్ చేసిందని చెప్పకు వాళ్ళతోని. చెయ్యలే" అంది. అందుకే చెప్పడం లేదు.

ఆమె మా అన్న మొదటి భార్య. నా ఇంటర్ అయిపోగానే అవ్వ సంబంధాలు చూడటం మొదలుపెడితే వదిన అడ్డం నిలబడింది. "పెండ్లి యాడికి పోదు. పిల్లను కంప్యూటర్ నేర్సుకోనియ్యి" అంది. మొదటిరోజు మా ఊరు రెంజల్ నుంచి నాతో పాటు బస్సెక్కి వచ్చి, క్లాసు అయిపోయేదాకా బయట మెట్ల మీద కూర్చుంది. ఇవాళ నేను తింటున్న తిండి ఆ మెట్ల మీదిదే.

మా ఇంట్లో మొదటి మంచి ఫోన్ వదినదే, జాకెట్లు కుట్టి కొనుక్కుంది. ఫోటో తీసే ముందు కొంగుతో కెమెరా తుడిచేది. వెనక నక్కిన వాళ్ళను జబ్బ పట్టుకుని ముందుకు లాగేది. "ఊపిరి ఆపుర్రి" అనేది. మా నాన్న, బాపు, నిజంగానే బిగబట్టి, మొహం ఎర్రబడ్డాక, "ఇడ్వాల్నా బిడ్డా?" అని అడిగేవాడు. ఇల్లంతా నవ్వేది.

తర్వాత బాపుకు పక్షవాతం వచ్చింది. స్నానం, మందులు, చెరుకు తోట గట్టు మీద పొద్దుటి నడక, అన్నీ వదినే చూసింది. ఎడమ మోచెయ్యి పట్టుకోకపోతే ఆయన పడిపోయేవాడు. అప్పటి నుంచి ఫోన్ ఎవరి చేతిలో ఉన్నా, ఏ ఫోటోలో చూసినా బాపు పక్కన వదిన ఉంటుంది.

బాపు పోయిన కొన్నాళ్ళకే అన్న ఇంకొకామెను తెచ్చుకున్నాడు. అవ్వ నోరు మెదపలేదు. ఆ వచ్చినామెతో నాకు పేచీ లేదు. విడాకులయ్యాక వదిన బోధన్‌లో తమ్ముడింటి ముందుగదిలో కుట్టు మిషన్ వేసుకుంది. మా హాల్లో బాపు ఫోటో పెద్దది చేయించి పెట్టారు. వదిన ఉన్న వైపు కత్తిరించారు కానీ, బాపు భుజం మీద గాజుల చెయ్యి మిగిలిపోయింది. ఆ సంగతి చెబితే వదిన మిషన్ ఆపింది.

"చెయ్యి ఉన్నదా?"

"ఉన్నది వదినా."

"ఉండనియ్యి. ఎవలిదని ఎవలన్న అడుగుతరు" అని మళ్ళీ మిషన్ తొక్కింది.

ఆమె పేరున పిట్టకు పిండం పెట్టిన రోజే, నేను బోధన్ నుంచి తిరిగొస్తుంటే అన్న ఫోన్ చేశాడు. వచ్చే నెల కొత్తింటి గృహప్రవేశం, ముహూర్తం మార్చడం లేదన్నాడు. "బాపు ఫోటోలన్నీ ఆమె ఫోన్ల ఉంటయి గద. టీవీల పెడ్దాం. ఆమె ఉన్నయి తీసెయ్."

"సరే అన్నా" అన్నాను. అంత మెత్తగా ఆయనతో నేనెప్పుడూ మాట్లాడలేదు.

వదిన ఫోటోలు ఫోన్‌లో లేవు, క్లౌడ్‌లో ఉన్నాయి. పాస్‌వర్డ్ మంచం మీద ఉండగానే నాకు చెప్పింది. డౌన్‌లోడ్ చేస్తే జిప్ ఫైళ్ళుగా దిగాయి. విప్పి చూశాను. బాపు నడిచిన రోజూ, బాపు పోయిన రోజూ, నా పెళ్ళీ, అన్నిటి మీదా ఒకటే తేదీ, నేను డౌన్‌లోడ్ చేసిన తేదీ. అసలు తేదీ, చోటు ప్రతి ఫోటో పక్కనే వేరే చిన్న ఫైలులో ఉన్నాయి. ఆ రెండిటినీ మళ్ళీ కలపాలి. ఒక ప్రోగ్రాంతో చాలావరకు కలిశాయి. పేరు పొడుగైన ఫోటోల పక్క ఫైళ్ళకు పేరు చివర తెగిపోయి జత కుదరలేదు. వాటిని ఆదివారాలు కూర్చుని చేత్తో జతచేశాను. వాట్సాప్‌లో వచ్చిన వాటికి తేదీయే లేదు. బాపు తిరుపతి గుండు ఎంత పెరిగిందో, గోడకు ఏ రంగుందో చూసి నెల పోల్చుకున్నాను. ప్రతి ఫోటో వివరాల్లో ఊరు రాశాను, "బాపు, వదిన" అని పేర్లు రాశాను. ఒక్కటి కూడా తీసెయ్యలేదు. తేదీల వరసలో సర్ది మొత్తం అన్న అకౌంటులోకి ఎక్కించాను. ఆయన తెరిచి కూడా చూడలేదు.

గృహప్రవేశం రోజు భోజనాల వేళ హాల్లో టీవీ పెట్టారు. ముందు బాపు ఒక్కడే కనిపించాడు, బండి మీద, మార్కెట్లో. అందరూ మురిసిపోయారు. తర్వాత జబ్బు రోజులు వచ్చాయి. గట్టు మీద బాపు, వదిన. కందకుర్తిలో గోదావరి నీళ్ళలో బాపు, వదిన. ఆసుపత్రి బెంచీ మీద బాపు, వదిన. అన్న రిమోట్ కోసం వెతుకుతున్నాడు. రిమోట్ నా దగ్గరుంది.

మాక్లూర్ నుంచి వచ్చిన మా మేనత్త, బాపు చెల్లెలు, విస్తరి ముందు నుంచే గట్టిగా అడిగింది. "గా పిల్లనే గద మా అన్నను సాకింది. యాడున్నది? పిలువలేదా?"

"పోయింది అత్తా, పోయిన నెల" అన్నాను.

"పోయిందా! మరి మాకెవ్వలు చెప్పలేదేందిరా?" అని అత్త అన్న వైపు తిరిగింది. కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేసి లేచింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు లేచారు. అవ్వ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం కడుపునిండా తిన్నాను.

మర్నాడు అన్న ఫోన్ చేశాడు. "కావాలనే చేసినవు గద?"

"అవునన్నా, కావాలనే."

"తీసెయ్ అవన్నీ."

"నీ ఫోన్లనే ఉన్నయి, నువ్వే తీసెయ్. కని బాపు గూడ పోతడు."

"పొద్దున లేవంగనే 'ఈ రోజు జ్ఞాపకం' అని చూపిస్తున్నదే" అన్నాడు. తేదీలు సరిగ్గా ఉంటే ఫోన్ ఏటా అదే రోజున ఆ ఫోటో ముందుకు తెస్తుంది. నాకు తెలుసు. తెలిసే ప్రతి తేదీ సరిచేశాను.

ఆయన ఇంకా ఒక్క ఫోటో తీసెయ్యలేదు. ఒకటి ఎండాకాలంలో రావాల్సి ఉంది. పెరట్లో కుర్చీలో బాపు, గడ్డం నిండా సబ్బు నురగ. వదిన గడ్డం గీస్తూ మధ్యలో ఆగి తల తిప్పింది. మణికట్టు మీద నురగ, నుదుటి మీద చెమట. ఆ ఫోటో వివరాల్లో తీసిన ఫోన్ రకం ఉంది. అది అప్పట్లో అన్న వాడిన ఫోన్, అందులోని ఫోటోలనూ వదినే తన అకౌంటులోకి ఎక్కించుకుంది. పేర్ల కింద "తీసింది: అన్న" అని కూడా నేను రాసిపెట్టాను. వదిన నవ్వుతూ నేరుగా, ఫోటో తీస్తున్న మనిషి వైపే చూస్తోంది.